కోరికే దుఃఖానికి మూలమైతే జీతం అడగడం కూడా తప్పేనా?

మిర్చియార్డు:
మా కాలేజీలో నెలల తరబడి జీతాల్లేవు. గట్టిగా అడిగితే స్టాఫ్ మీటింగులో కరస్పాండెంట్ గారు, ‘కోరికలే దుఃఖానికి మూలమని బుద్ధుడన్నాడు’ అని సెలవిచ్చారు. చేతిలో కొత్త ఐఫోను. నిజంగా బుద్ధుడు చెప్పింది ఇదేనా?

ధర్మపథికుడు:
కాదండీ. సారనాథ్‌లో ఐదుగురు భిక్షువులకు చేసిన మొదటి బోధలో దుఃఖానికి కారణం తృష్ణ అన్నాడు. అది మూడు రకాలు: ఇంద్రియ సుఖాల మీద, ఉనికి మీద, లేకుండా పోవడం మీద. చచ్చిపోతే బాగుండుననుకోవడం కూడా తృష్ణే! జీతం అడగడం వీటిలో లేదు.

మిర్చియార్డు:
బియ్యం కొనుక్కుని తినడం ఇంద్రియ సుఖం కాదా? ఏ రకమో తేల్చండి.

నల్లబల్ల:
నాదో డౌటు. కోరికలు వదలాలంటే, వదలాలన్న కోరిక ఉండాలిగా?

ధర్మపథికుడు:
కోశాంబిలో ఉణ్ణాభుడనే బ్రాహ్మణుడు బుద్ధుడి శిష్యుడు ఆనందుణ్ణి ఇదే అడిగాడు. ‘ఈ ఆరామానికి (భిక్షువులుండే తోటకి) రావాలనుకున్నావు, వచ్చావు. ఆ కోరిక ఇప్పుడేదీ?’ అన్నాడు ఆనందుడు.

నల్లబల్ల:
మా బావమరిది ఒక ప్లాటు కొన్నాక ఇంకోటి కావాలంటాడు. ఆయనకు తీరదేం?

కొబ్బరాకు:
ముందు బావమరిదిని వదిలేయండి సార్ 😀

మిర్చియార్డు:
మీరు ఆరామాల్లో తిరగండి. నా ఈఎమ్‌ఐ ఎవరు కడతారు?

ధర్మపథికుడు:
మీ బాధ జీతం వల్ల కాదు, కోపం వల్ల. కాస్త మనసు చూసుకోండి.

మిర్చియార్డు:
ఇదిగో, బయటపడింది! మా కరస్పాండెంటూ ఇదే అన్నాడు, మీరు మర్యాదగా అన్నారంతే. జీతం తొక్కిపెట్టినవాడికి తృష్ణ లేదా? వాడికెవరూ క్లాసు పీకరేం? 1957లో వచ్చిన ‘బుద్ధుడు, ఆయన ధమ్మం’ ముందుమాటలో అంబేడ్కర్ ఊరికే అడగలేదు, నాలుగు ఆర్యసత్యాలు (దుఃఖం, దాని కారణం, అది పోవడం, పోయే దారి) అసలు బుద్ధుడి బోధేనా అని. పుట్టుకా చావూ అన్నీ దుఃఖమే అయితే మనిషికి ఆశ ఎక్కడిది?

ధర్మపథికుడు:
దుఃఖం పోతుందనేదే మూడో సత్యం, దాన్ని దాటేసి మాట్లాడితే ఎలా? అంబేడ్కర్‌తో అక్కడ నేను ఏకీభవించను. మీ యాజమాన్యానికి వినిపించాల్సింది వేరే ఉంది. రాజగృహంలో సిగాలుడనే గృహస్థుకి చెప్పిన సుత్తంలో, అంటే బోధలో, యజమాని బాధ్యతలు ఐదున్నాయి: శక్తికి తగ్గ పని, తిండీ కూలీ, జబ్బు చేస్తే చూసుకోవడం, మంచి వంటకం దొరికితే పంచడం, వేళకు సెలవు. అనాథపిండికుడనే వర్తకుడికైతే అప్పు లేకపోవడమే ఒక సుఖమన్నాడు.

మిర్చియార్డు:
మరి ఇది మొదటే చెప్పొచ్చుగా!

ధర్మపథికుడు:
మీరడిగింది కోరిక గురించి.

నల్లబల్ల:
అదే సుత్తంలో పనివాడికీ ఐదున్నాయి. యజమాని కంటే ముందు లేవాలి, ఆయన పడుకున్నాకే పడుకోవాలి. అదీ చదివి వినిపించమంటారా?

మిర్చియార్డు:
చదవండి. ‘ఇచ్చింది మాత్రమే తీసుకోవాలి’ అని కూడా ఉందందులో. ఇస్తేగా!