మూడో నియమాన్ని ముందుగా చెబితే తప్పేమిటి?

సుద్దముక్క:
పదిహేనేళ్లుగా బడిలో న్యూటన్ మూడు గమన నియమాలు చెబుతున్నాను. ఎప్పుడూ పుస్తకంలో ఉన్న క్రమమే: ముందు జడత్వం (బలం పనిచేయనంతవరకు వస్తువు ఆగి ఉంటే ఆగే ఉంటుంది, కదులుతుంటే అదే వేగంతో నేరుగా పోతూనే ఉంటుంది), తర్వాత ద్రవ్యరాశి, త్వరణాల సూత్రం (బలం = ద్రవ్యరాశి × త్వరణం), ఆఖర్లో సమయం మిగిలితే చర్య, ప్రతిచర్య. ఈసారి తలకిందులు చేశాను. మొదటి రోజే రెండు స్ప్రింగు త్రాసుల కొక్కేలు ఒకదానికొకటి తగిలించి, ఒకటి తరగతిలోకెల్లా బలమైన కుర్రవాడికి, రెండోది సన్నగా ఉండే అమ్మాయికి ఇచ్చాను. ఎవరి త్రాసు ఎక్కువ చూపిస్తుందని అడిగితే అందరూ కుర్రవాడి వైపే చూశారు. లాగారు. అతని త్రాసులో 8 న్యూటన్లు (బలాన్ని కొలిచే ప్రమాణం), ఆమె త్రాసులోనూ 8. త్రాసు పాడైందన్నారు. ఇద్దరివీ మార్చి ఇచ్చాను, అదే సంగతి. "నువ్వు లాగకు, ఊరికే పట్టుకో" అన్నాను ఆ అమ్మాయితో. అయినా రెండు ముళ్లూ ఒకే గీత మీద నిలిచాయి. ఒక నిమిషం ఎవరూ మాట్లాడలేదు.

బలం ఒకరి దగ్గర దాచుకునే సరుకు కాదు, ఇద్దరి మధ్య జరిగే వ్యవహారం అన్నది ఆ నిమిషంలో వాళ్లకు అందింది. నా తోటి ఉపాధ్యాయులు మాత్రం పునాది వేయకుండా పైకప్పు వేస్తున్నానని కోప్పడుతున్నారు. మీరేమంటారు?

వాలుబల్ల:
కోప్పడటం సబబే అంటాను. పిల్లలు బడికి ఖాళీ తలతో రారు, ప్రాచీన గ్రీకు తత్వవేత్త అరిస్టాటిల్‌ను వెంటబెట్టుకుని వస్తారు. తోస్తే కదులుతుంది, తోయడం మానితే ఆగుతుంది. ఈ నమ్మకం పోవడానికి మనుషులకే రెండు వేల ఏళ్లు దాదాపు పట్టింది. గెలీలియో వాలు బల్లల మీద గుండ్లు దొర్లించి చూసి, 1638లో రాసిన తర్వాతగానీ దారి తెరుచుకోలేదు. 1687లో న్యూటన్ జడత్వాన్ని మొదట పెట్టింది ఊరికే కాదు. మీ త్రాసుల ముందు నోరు తెరిచిన కుర్రవాడే సాయంత్రం బంతిని తన్ని, "నా కాలి బలం బంతిలో ఉంది, అది అయిపోగానే ఆగుతుంది" అంటాడు. పందెం.

సుద్దముక్క:
పందేనికి సిద్ధం. సరిగ్గా అక్కడే నా క్రమం పనికొస్తుంది. ప్రతి బలానికీ రెండు వస్తువులుండాలని వాడికి ముందే తెలుసు. కాలు విడిచిపెట్టాక బంతిని ముందుకు తోస్తున్న రెండో వస్తువు ఏది? చూపించలేడు. చూపించలేకపోతే ఆ బలం లేనట్టే. ఆపుతున్న వస్తువును మాత్రం చూపించగలడు: నేల. జడత్వం అక్కడి నుంచి దానంతట అదే బయటికొస్తుంది.

సూత్రధారి:
ఇంత గొడవ ఎందుకండీ? ఫలిత బలం సున్నా అయితే త్వరణం సున్నా. మొదటి నియమం రెండోదానిలోనే ఉంది. సూత్రం రాసి లెక్కలు చేయించండి, అన్నీ అవే తెలుస్తాయి.

వాలుబల్ల:
లేదు. బస్సు బ్రేకు వేస్తే మనం ముందుకు తూలతాం. బస్సులో కూర్చుని మీ సూత్రం వాడితే, మనల్ని ముందుకు నెట్టే బలం ఒకటి ఉండి తీరాలి. నెట్టింది ఎవరు? ఎవరూ లేరు. ఈ సూత్రం ఎక్కడ నిలబడి చూస్తే చెల్లుతుందో చెప్పేదే మొదటి నియమం. ఆ పని రెండోది చేయలేదు. ఇంకో మాట, న్యూటన్ రాసింది ద్రవ్యవేగంలో (ద్రవ్యరాశి, వేగాల లబ్ధంలో) వచ్చే మార్పు గురించి. మీరు బోర్డు మీద రాసే రూపం ఆయన పుస్తకంలో కనిపించదు, 18వ శతాబ్దంలో గణితవేత్త ఆయిలర్ చేతుల్లో స్థిరపడింది.

సూత్రధారి:
బస్సు సంగతి ఒప్పుకుంటున్నాను. లెక్కల సంగతి ఒప్పుకోను.

వెనకబెంచి:
నేను ఉపాధ్యాయురాలిని కాను, డిగ్రీ చదువుతున్నాను. బడిలో ఈ పాఠంలో నాకు పూర్తి మార్కులు వచ్చాయి. అయినా చాలా ఏళ్లు ఒక తప్పు మోసుకు తిరిగాను. బల్ల మీద పుస్తకం ఉంది. దాని బరువు కిందికి, బల్ల తోపు పైకి. సమానం, వ్యతిరేకం. ఇదే చర్య, ప్రతిచర్య అనుకున్నాను. "ఆ బల్లను లిఫ్టులో పెట్టు" అన్నారు ఒక మాస్టారు. పుస్తకం 1 కిలో, లిఫ్టు 2 మీ/సె² త్వరణంతో పైకి బయలుదేరింది. బరువు 9.8 న్యూటన్లే, బల్ల తోపు మాత్రం 11.8. ఎప్పుడూ సమానంగా ఉండాల్సిన జంట ఎలా విడిపోయింది? అది జంటే కాదు కనుక. రెండూ పుస్తకం మీదే పనిచేస్తున్నాయి. పుస్తకం బరువుకు అసలు జత, పుస్తకం భూమిని పైకి లాగే 9.8 న్యూటన్లు. పుస్తకం భూమిని లాగుతుందని విన్న రోజు రాత్రి సరిగా నిద్ర పట్టలేదు, నిజంగానే.

నా ఫిర్యాదు క్రమం మీద కాదు, ఆ రెండు మాటల మీద. "చర్య" అనగానే ముందొకటి జరిగి, దానికి జవాబుగా ఇంకొకటి వస్తుందనిపిస్తుంది. రెండూ ఒకే క్షణంలో పుడతాయని నాకు ఎవరూ చెప్పలేదు.

సుద్దముక్క:
అమ్మా, ఆ మాటలు నేనూ మానేశాను. "'అ' అనే వస్తువు 'ఆ' అనే వస్తువును తోస్తే, 'ఆ' కూడా 'అ'ను అంతే తోస్తుంది" అని వాక్యం మొత్తం చెప్పిస్తున్నాను. ఎవరు ఎవరిని అన్నది పలకకపోతే మళ్లీ చెప్పాల్సిందే.

కొలబద్ద:
క్రమం గురించి ఇంత పట్టుదల అవసరమా అని నా అనుమానం. బలం భావనను పరీక్షించడానికి 1992లో అమెరికా భౌతికశాస్త్ర ఆచార్యుడు హెస్టెనెస్ బృందం ప్రచురించిన ప్రశ్నపత్రం ఉంది. లెక్కలు ఒక్కటీ ఉండవు. పెద్ద లారీ, చిన్న కారు ఎదురెదురుగా గుద్దుకుంటే ఏది దేన్ని ఎక్కువ బలంతో కొడుతుంది వంటివే ఉంటాయి. సూత్రధారి గారి పద్ధతిలో లెక్కలు దంచిన పిల్లలు కూడా లారీ అనే రాస్తారు. 1998లో హేక్ అనే మరో అమెరికా భౌతికశాస్త్ర ఆచార్యుడు అదే తరహా పరీక్షల్లో ఆరు వేలకు పైగా విద్యార్థుల ఫలితాలు పోల్చారు. నేర్చుకోవడానికి మిగిలి ఉన్నదానిలో, ఉపన్యాసం విన్న తరగతులు సగటున 23 శాతం అందుకుంటే, పిల్లలు చేసి, వాదించుకున్న తరగతులు 48 శాతం అందుకున్నాయి. మీ త్రాసుల పాఠం నడిచింది మూడో నియమం ముందు రావడం వల్లా, లేక జవాబు ముందే చెప్పించి తర్వాత ముల్లు చూపించడం వల్లా?

సుద్దముక్క:
ఈ ప్రశ్న కొంచెం గుచ్చుకుంది. రెండోదే కావచ్చు.

ఇక పందెం సంగతి. ఇవాళ బంతి ప్రశ్న వేశాను. కాలు విడిచాక ఎవరు తోస్తున్నారు? కుర్రవాడు ఆలోచించి, "గాలి మాస్టారూ, బంతి వెనక్కి చేరి తోస్తుంది" అన్నాడు. రెండో వస్తువును చూపించేశాడు! విసిరిన రాయి ఎందుకు ముందుకు పోతుందో చెప్పడానికి అరిస్టాటిల్ కూడా గాలినే పట్టుకున్నాడు. వాలుబల్ల గారూ, సగం పందెం మీదే.

వాలుబల్ల:
సగం కాదు, మొత్తం! సరే, తర్వాత ఏం చెప్పారు?

సుద్దముక్క:
నేనేమీ చెప్పలేదు. త్రాసు పట్టుకున్న అమ్మాయే అడిగింది: "అయితే గాలి లేని చోట బంతి వెంటనే ఆగిపోవాలి కదా?" 1977లో బయలుదేరిన వాయేజర్ 1 అనే అంతరిక్ష నౌక సెకనుకు దాదాపు 17 కిలోమీటర్ల వేగంతో పోతూనే ఉందని చెప్పాను. "దాని వెనక ఏముంది?" అన్నాడు కుర్రవాడు. ఏమీ లేదన్నాను. గంట కొట్టేశారు.