అమ్మ చివర తిన్న ఇంట పుట్టి, నేను ముందు తినవచ్చునా?

ప్రశ్న (అనంతపురం)

మా నాన్నగారు ధర్మవరంలో 30 ఏళ్లు గుంట మగ్గం నేశారు. అమ్మ పగలంతా మగ్గానికి కావలసిన దారాన్ని ఆసు పోసి, కండెలు చుట్టి, అందరూ తిన్నాక మిగిలిన రాగి సంగటిని మజ్జిగలో కలుపుకొని నిలబడే తినేది. ఆ కష్టంతోనే చదువుకొని నేను ఇక్కడ ఉద్యోగం చేస్తున్నాను. గత నెల కళ్లు తిరిగి పడిపోతే రక్తపరీక్షలో హిమోగ్లోబిన్ 8.4 వచ్చింది. వేళకు తినమని, కంటినిండా నిద్రపొమ్మని డాక్టరుగారు గట్టిగా చెప్పారు. కానీ వేడివేడిగా వడ్డించుకొని కూర్చోగానే అమ్మ నిలబడి తినడమే కళ్లలో మెదిలి ముద్ద దిగడం లేదు. నన్ను నేను చూసుకుంటే వాళ్ల కష్టాన్ని మరచినట్లవుతుందేమోనన్న ఈ బాధ మీలో ఎవరికైనా ఉందా?

జవాబు (ధర్మవరం, చేనేత)

చెల్లెమ్మా, మీరు మగ్గమున్న ఇంట పుట్టారు కనుక అచ్చు అతకడం చూసే ఉంటారు. చీరలు నేయడం పూర్తయ్యాక పాత పడుగు (నిలువు పోగుల) కొసలను మగ్గంలోనే ఉంచి, కొత్త పడుగు పోగులను వాటికి ఒక్కొక్కటిగా, వేల పోగులనూ వేళ్లతో మెలివేసి అతుకుతాము. పాత కొస ఎంత గట్టిదైనా, అతికిన కొత్త పోగులో బలం లేకపోతే అది నేతకు నిలవదు, తెగుతుంది. మీ నాన్నగారు అతికిన పోగు మీరు. ఆ పోగు తెగకుండా కాపాడుకోవడం ఆయన చేతిపనిని గౌరవించడమేనని నేను నమ్ముతాను.

జవాబు (ప్రొద్దుటూరు)

అమ్మా, మీ అమ్మగారు చివర తినడం ఆచారం కాదు, లేమి. మన సీమలో వాన మొహం చాటేసిన ఏళ్లలో గిన్నెలో ఉన్నది ఎంతమందికి సరిపోతుందో లెక్క చూసుకొని తల్లులు ఆఖరున కూర్చునేవారు. లేమి పోయినా ఆ అలవాటు మాత్రం మన ఇళ్లలో ఉండిపోయింది. నేనూ ఏళ్ల తరబడి అలాగే తిన్నాను. నా కూతురు పన్నెండేళ్లకే నన్ను చూసి, ఇంట్లో అన్నం నిండుగా ఉన్నా, తమ్ముడు తిన్నాక తింటానని పళ్లెం పక్కన పెట్టిన రోజున నాకు నిజంగా భయం వేసింది. మీ అమ్మగారి ఓపికను, చేతిలోని పనితనాన్ని వారసత్వంగా తీసుకోండి, ఆకలిని తీసుకోకండి.

ఆడవారికి హిమోగ్లోబిన్ కనీసం 12 ఉండాలి కనుక డాక్టరుగారి మందులు మానకండి. ఆకుకూర పప్పులో నిమ్మకాయ పిండుకోండి. తిన్న వెంటనే టీ తాగితే ఇనుము ఒంటికి సరిగా పట్టదు. ఇంకొక మాట, ఈ బాధను మాతో కాక మీ అమ్మగారితోనే చెప్పి చూడండి.

ప్రశ్న అడిగినవారు

ధర్మవరం అన్నగారికీ, ప్రొద్దుటూరు అమ్మగారికీ నమస్కారాలు. ఆదివారం ధర్మవరం వెళ్లి మా అమ్మకు అంతా చెప్పాను. ఆమె చాలాసేపు మాట్లాడకుండా ఉండి, "నువ్వు కూర్చుని తినాలనే కదా నేను నిలబడింది" అన్నది. నేను రెండు పళ్లేలు పెట్టి, సంగటి, ఊరిమిండి పచ్చడి, ఆకుకూర పప్పు ఇద్దరికీ ఒకేసారి వడ్డించాను. అలవాటు కొద్దీ అమ్మ రెండుసార్లు నీళ్లకని లేవబోయింది. రెండుసార్లూ నేనే వెళ్లి తెచ్చాను.