మిర్చి పైసలతో కట్టిన యూలిప్: మూడో కిస్తీ అప్పు తెచ్చి కట్టాలా?

ప్రశ్న (నర్సంపేట సభ్యుడు):
పెద్దలకు నమస్కారం. మా బాపు వయసు 52 ఏళ్లు, మిర్చి సాగు తప్ప వేరే ఆదాయం లేదు. ఏనుమాముల మార్కెట్‌లో పంట అమ్మిన పైసలు ఎఫ్‌డీ చేద్దామని బ్యాంకుకు పోతే, అంతకన్నా ఎక్కువ వస్తుందని, పన్ను కూడా మిగులుతుందని చెప్పి ఏడాదికి లక్ష రూపాయల యూలిప్ (బీమా, మార్కెట్ పెట్టుబడి కలిసిన) పాలసీ చేయించారు. రెండు కిస్తీలు కట్టినాక ఇప్పుడు ఫండ్ విలువ 1,81,000 రూపాయలు చూపిస్తున్నది. అక్టోబరులో మూడో కిస్తీ ఉంది. ఆ నెలలో మందులకు, కూలీలకే పైసలు సరిపోవు కనుక ఆడ్తిదారు దగ్గర నూటికి రెండు రూపాయల వడ్డీకి తేవలసి వస్తుంది. పాలసీ ఆపేసి, ఉన్న సొమ్ముతో చెల్లె నర్సింగ్ ఫీజు కట్టవచ్చునా?

జవాబు (హనుమకొండ సభ్యుడు):
తమ్ముడూ, ఆ సొమ్ము ఇప్పుడు చేతికి రాదు. చెల్లె ఫీజుకు వేరే దారి చూసుకోండి. 4 లక్షల వరకు తాకట్టు లేకుండా ఇచ్చే విద్యా రుణం గురించి బ్యాంకులో అడగండి. 2010 సెప్టెంబరు నుంచి యూలిప్‌లకు ఐదేళ్ల లాకిన్ ఉంది. అది నిండేదాకా ఎంత అవసరం వచ్చినా సొమ్ము తీసుకోవడానికి వీలు లేదు, పాలసీ మీద అప్పు కూడా ఇవ్వరు.

అయినా అప్పు తెచ్చి కిస్తీ కట్టవద్దనే నా గట్టి సలహా. అక్టోబరులో తెచ్చిన లక్షకు మార్చిలో మిర్చి అమ్మి తీర్చేసరికే పది వేలు వడ్డీ అవుతుంది, అదీ ఒక్క కిస్తీకే. కట్టకపోతే ఏమవుతుందో చూడండి. కిస్తీ తేదీ తర్వాత ఇచ్చే 30 రోజుల అదనపు గడువు (గ్రేస్) దాటాక, మూడో ఏడాది కాబట్టి కిస్తీలో 3 శాతం, అంటే 3,000 రూపాయలు కోసి, మిగిలిన 1,78,000 రూపాయలను డిస్‌కంటిన్యూడ్ ఫండ్‌లోకి, అంటే కిస్తీలు ఆగిన పాలసీల సొమ్ము ఉంచే విడి ఫండ్‌లోకి మారుస్తారు. అక్కడ ఏడాదికి కనీసం 4 శాతం చొప్పున పెరిగి, ఐదేళ్లు నిండేసరికి సుమారు రెండు లక్షలు, అంటే మీరు కట్టిన అసలు మాత్రం వస్తుంది.

చాలామందికి తెలియని సంగతి మరొకటి ఉంది. కట్టని కిస్తీ తేదీ నుంచి మూడేళ్లలోపు పాలసీని పునరుద్ధరించుకోవచ్చు. బాకీ కిస్తీలకు వడ్డీ వేయరు, కోసిన 3,000 రూపాయలను కూడా తిరిగి ఫండ్‌లో కలుపుతారు, కాకపోతే ఆరోగ్య పరీక్షలు అడగవచ్చు. కంపెనీ నుంచి ఉత్తరం వచ్చినప్పుడు పునరుద్ధరణ ఎంచుకుంటున్నట్టు రాసి ఇవ్వండి. మీ విషయంలో ఆ మూడేళ్లు, లాకిన్ ఒకే అక్టోబరులో ముగుస్తాయి కనుక అలా రాసిచ్చినంత మాత్రాన సొమ్ము ఆలస్యం కాదు. మిర్చికి మంచి ధర పలికితే అప్పుడు సొంత పైసలతో కట్టాలో వద్దో నిదానంగా తేల్చుకోవచ్చు.

ఈలోపు పాలసీలోని బీమా రక్షణ ఆగిపోతుంది, అదొక్కటే నాకు బెంగ. భూమి మీ బాపు పేరున ఉంటే 2018లో మొదలైన రైతుబీమా కింద 59 ఏళ్ల దాకా 5 లక్షల రక్షణ ఉంటుంది. ఆయన పేరు నమోదైందా, నామినీ ఎవరని ఉందో ఏఈఓ (వ్యవసాయ విస్తరణ అధికారి) దగ్గర ఈ వారమే చూసుకోండి.

ప్రశ్న (నర్సంపేట సభ్యుడు):
చాలా సంతోషం అన్నా. కట్టిన రెండు లక్షల్లో ఆ 19,000 ఎటు పోయాయి? బ్యాంకు చెప్పిన మాట మీద ఫిర్యాదు చేయవచ్చునా?

జవాబు (కరీంనగర్ సభ్యురాలు):
ఫండ్ విలువ మార్కెట్‌తో పాటు పడిపోయి ఉండవచ్చు. అది కాక కిస్తీ కట్టగానే తీసే అలొకేషన్ చార్జీ, ప్రతి నెలా యూనిట్లు (ఫండ్‌లో మీ బాపు పేరున ఉన్న వాటాలు) రద్దు చేసి తీసుకునే పాలసీ నిర్వహణ చార్జీ, బీమా రక్షణకు తీసే, వయసుతో పెరిగే మోర్టాలిటీ చార్జీ ఉంటాయి. ఏడాదికి 1.35 శాతం మించని ఫండ్ నిర్వహణ చార్జీని ఎన్‌ఏవీలోనే (ఒక్కో యూనిట్ ధరలోనే) తీసేస్తారు కనుక అది విడిగా కనిపించదు. స్టేట్‌మెంట్‌లో రద్దయిన యూనిట్ల విలువను నెలనెలా కూడి, అలొకేషన్ చార్జీని కూడా కలిపితే, ఎంత మార్కెట్ వల్ల పోయిందో, ఎంత చార్జీలకు పోయిందో సుమారుగా తేలుతుంది.

ఇక పన్ను మిగులుతుందన్నది మీ బాపుకు వర్తించని మాట. వ్యవసాయ ఆదాయానికి ఆదాయపు పన్నే లేనప్పుడు కిస్తీ చూపించి మిగిల్చుకునేది ఏమీ ఉండదు. పైగా బాండులో బీమా మొత్తం పది లక్షలకు తక్కువగా, ఉదాహరణకు ఏడు లక్షలే ఉంటే, కిస్తీ బీమా మొత్తంలో 10 శాతం దాటినట్టే కనుక చివర్లో వచ్చే లాభానికి మినహాయింపు కూడా వర్తించదు.

ఫిర్యాదు ముందుగా బీమా కంపెనీకి రాతపూర్వకంగా ఇచ్చి రసీదు తీసుకోండి. నెలలోపు జవాబు రాకపోయినా, వచ్చిన జవాబు నచ్చకపోయినా, ఏడాదిలోపు హైదరాబాద్‌లోని బీమా అంబుడ్స్‌మన్‌కు (బీమా ఫిర్యాదులు విని తేల్చే అధికారికి) రాయవచ్చు. ఫీజు లేదు, వకీలు అవసరం లేదు. ఎఫ్‌డీ లాంటిదని నోటితో అన్న మాటను రుజువు చేయడం కష్టం. అందుకే బాండుకు జతచేసిన ప్రపోజల్ ఫారం ప్రతిలో మీ బాపు వృత్తి, ఏడాది ఆదాయం ఏమని నింపారో చూడండి. వ్యవసాయానికి బదులు వ్యాపారమని రాసినా, ఆదాయం పెంచి చూపినా, ఆ పేజీ జిరాక్స్‌ను, పట్టాదారు పాసుపుస్తకం ప్రతిని ఫిర్యాదుకు జతచేయండి.