అప్‌డేట్: చెపాక్ మ్యాచ్ రోజుల్లో గేటుకు అడ్డంగా బైకులు

చెన్నైలో చెపాక్ క్రికెట్ స్టేడియం దగ్గర, ట్రిప్లికేన్‌లో మాది ఒక సందు. మ్యాచ్ ఉన్న రోజు బైకులు అడ్డంగా పెట్టి మా గేటు మూసేస్తున్నారని, అమ్మను డయాలసిస్‌కు తీసుకెళ్లలేకపోతున్నానని సీజన్ ముందు అడిగాను. జవాబిచ్చిన అందరికీ థాంక్స్, ముఖ్యంగా "ఒక్కడివే వెళ్లకు, వీధంతా కలిసి వెళ్లండి" అన్నవారికి.

పని చేసింది అదే. పద్నాలుగు ఇళ్ల సంతకాలతో ట్రాఫిక్ పోలీసులకు అర్జీ ఇచ్చాం, మ్యాచ్ తేదీల పట్టిక జతచేశాం. మ్యాచ్ రోజు మధ్యాహ్నమే సందు మొదట్లో బారికేడ్ పెడుతున్నారు. అడ్రస్ ఉన్న ఆధార్ చూపిస్తే మా బండ్లు వదులుతున్నారు. అమ్మ హాస్పిటల్ కాగితం జిరాక్స్ కూడా దగ్గర పెట్టుకుంటున్నాను.

నో పార్కింగ్ బోర్డు దండగ. దానికే హెల్మెట్ తగిలించి వెళ్లాడొకడు!

శబ్దం సంగతిలో నేనే పొరబడ్డాను. నివాస ప్రాంతాల్లో రాత్రి పది దాటాక పరిమితి 45 డెసిబెల్స్ అని చదివి, స్టేడియం స్పీకర్ల మీద ఫిర్యాదు రాసిపెట్టుకున్నా. తీరా చూస్తే ఆ గోల మా కిటికీ కిందే బూరలు ఊదుతూ అమ్ముతున్నవాళ్లది. బారికేడ్ వచ్చాక వాళ్లూ మెయిన్ రోడ్డుకు జరిగారు.

చుట్టాలు మ్యాచ్‌కొస్తే మాత్రం గవర్నమెంట్ ఎస్టేట్ మెట్రోలో దిగి నడిచి రమ్మంటున్నాం. కారులో వస్తే బారికేడ్ దగ్గర నేనే ఆపిస్తానని మా బావకు ముందే చెప్పేశా.