పీచ్ కాబ్లర్ ఇంట్లో చేసినవాళ్లు ఉన్నారా? మధ్యలో జావ కాకుండా ఎలా?

శనివారం_వంట (హ్యూస్టన్)
ఆఫీసు పాట్‌లక్‌కి (తలా ఒక వంట తెచ్చుకునే విందు) ఒకావిడ పీచ్ కాబ్లర్ తెచ్చింది, అదే, పీచ్ పండు ముక్కలు, పిండి వేసి ఓవెన్లో కాల్చే అమెరికా స్వీటు. ఎలా చేశారని అడిగితే "కప్పు పిండి, కప్పు పంచదార, కప్పు పాలు, అంతే" అంది. అదే లెక్కన ఇంట్లో చేశాను. పైన ఎర్రగా కాలింది, గరిటె దించితే మధ్యలో జావ. పిల్లలు ఐస్‌క్రీమ్ వేసుకుని గిన్నె ఖాళీ చేశారు, అది వేరే సంగతి. వచ్చే నెల అత్తయ్యగారు, మామయ్యగారు వస్తున్నారు. ఇద్దరూ గుడ్డు ముట్టరు, బయటి కేకు చేతికిస్తే "ఇందులో ఏముందమ్మా" అని పదిసార్లు అడుగుతారు. దీంట్లో గుడ్డే లేదు కదా, వాళ్లకి ఇదే చేసిపెడదామని నా ఆశ. మీ కొలతలు చెప్పండి. ఇండియాలో ఉన్నవాళ్లు మామిడితో చేశారా?

పీచుపండు (అట్లాంటా)
ఆవిడ వెన్న మాట దాచేసింది! అసలు కిటుకంతా అక్కడే ఉంది. ఇక్కడ దక్షిణాది రాష్ట్రాల ఇళ్లల్లో చాలామంది చేసేది ఈ పోసే పద్ధతే. ఓవెన్ 350 ఫారెన్‌హీట్‌లో పెట్టి, 8 అంగుళాల చదరపు ట్రేలో ఒక స్టిక్ వెన్న, అంటే 113 గ్రాములు, వేసి ఓవెన్లోనే కరగనివ్వండి. ఈలోగా కప్పు మైదా, ముప్పావు కప్పు పంచదార, ఒకటిన్నర టీస్పూన్ల బేకింగ్ పౌడర్, పావు టీస్పూను ఉప్పు, కప్పు పాలు కలిపేయండి. గరిటెజారుగా ఉంటుంది, కంగారు పడొద్దు. దాన్ని కరిగిన వెన్న మీద పోయండి, కలపొద్దు. పైన పండు ముక్కలు సర్దండి. మళ్లీ కలపొద్దు. 45 నుంచి 55 నిమిషాలు.

కాలేకొద్దీ పండు కిందికి దిగుతుంది, పిండి దాని చుట్టూ పొంగి పైకి వస్తుంది. వెన్న అంచులకు చేరి అక్కడ పిండిని వేయిస్తుంది. కలిపేస్తే వెన్న పిండిలో ఇంకిపోయి ఆ కరకర రాదు, ఏదో పండ్ల కేకు తయారవుతుంది. మీ జావకి కారణం పండు ఎక్కువైందేమో. ఎన్ని కప్పులు వేశారు?

శనివారం_వంట
నాలుగు కప్పులు. తాజా పీచ్‌లే, చేత్తో నొక్కితే రసం కారేలా పండాయి.

పీచుపండు
అదీ సంగతి. ఆ ట్రేకి రెండు కప్పులు చాలు. పండ్లు చాలా ఉంటే పెద్ద ట్రేలో పిండి కూడా పెంచి చేయండి. ఇంకోటి, జూన్ రెండో సగం తర్వాత వచ్చే పీచ్‌లకు గింజ సులువుగా ఊడొస్తుంది. మే నెలలో వచ్చేవాటికి కండ గింజని పట్టుకునే ఉంటుంది, కోయబోతే చేతుల్లో నలిగిపోతాయి. మా జార్జియాకి పీచ్ స్టేట్ అని పేరే గానీ పంటలో కాలిఫోర్నియా, సౌత్ కరోలినా మాకంటే ముందున్నాయి. ఈ మాట ఇక్కడివాళ్ల ముందు అనకండి.

నిమ్మచెక్క (చికాగో)
రసం విషయంలో నేను ఇంకో మెట్టు వెళ్తాను. ముక్కల మీద రెండు చెంచాల పంచదార, అర నిమ్మకాయ రసం వేసి అరగంట వదిలేయండి. దిగిన రసాన్ని వంపి, చిన్న గిన్నెలో సగమయ్యేదాకా మరిగించి, మళ్లీ ముక్కల మీద పోయండి. రుచి అంతా లోపలే ఉంటుంది, నీరు పోతుంది. డబ్బా పీచ్‌లైతే పాకం పూర్తిగా వంపేయాలి. ఫ్రోజెన్ ముక్కల్ని గడ్డలా అలాగే వేస్తే మధ్యలో పిండి ఉడకదు, కరిగించి నీళ్లు ఓడ్చి వేయండి. పైన రంగు చూసి దించేయకండి. మధ్యలో పిండి ఉన్నచోట టూత్‌పిక్ గుచ్చితే తడిపిండి అంటకూడదు. థర్మామీటర్ ఉంటే అక్కడ 200 ఫారెన్‌హీట్ రావాలి. దించాక కనీసం 20 నిమిషాలు ముట్టుకోకండి, రసం చిక్కబడేది అప్పుడే. మీ పిల్లలు ఆగుతారా అన్నది నేను చెప్పలేను.

ట్రే గాజుదైతే మాత్రం వెన్న విడిగా కరిగించి పోయండి. ఓవెన్లో కాగిన గాజులో ఫ్రిజ్‌లోంచి తీసిన పాలతో కలిపిన పిండి పోస్తే పగిలే ప్రమాదం ఉంది.

కూకట్‌పల్లి_ఓటీజీ
మామిడి అడిగిన్రు కదా, మా ఇంట్ల ఎండాకాలం వస్తే ఇదే నడుస్తది. బంగినపల్లి తీస్కోండి, మరీ మెత్తగ కాకముందు, కత్తికి ముక్క నిలబడేటట్టు ఉండాలె. రసాలు అస్సలొద్దు, ఉత్త రసమే, పైంగ పీచు. బంగినపల్లిల పులుపు తక్కువ కాబట్టి నిమ్మకాయ పిండుకోవాలె, లేకుంటే తీపి మీద తీపి అయితది. దాల్చినచెక్క బదులు యాలకుల పొడి ఎయ్యిండ్రి. చక్కెర నేను అర కప్పే ఏస్త.

మనకాడ దొరికే 100 గ్రాముల వెన్న ప్యాకెట్ మొత్తం పడ్తది. దాంట్ల ఉప్పు ఉంటది, పిండిల మళ్లీ ఎయ్యొద్దు. ఓటీజీల, అంటే చిన్న కరెంటు ఓవెన్ల, పైన కింద రెండు రాడ్లు ఆన్ చేసి 180 సెల్సియస్‌ల పది నిమిషాలు ముందుగాల వేడి చెయ్యిండ్రి, ట్రే నడిమి అరల పెట్టాలె. పై రాడ్ దగ్గరయితే పైన మాడ్తది, లోపల పచ్చిగ ఉంటది. అక్కా, మీ జావకి ఇది కూడా కారణం కావొచ్చు, ట్రే ఏ అరల పెట్టిన్రో చూస్కోండి.

బామ్మగారి_మనవరాలు (న్యూజెర్సీ)
అందరూ తిట్టినా సరే, ఈ పోసేది నా దృష్టిలో కాబ్లర్ కాదు. కాబ్లర్ అంటే పైన బిస్కెట్ ముద్దలు ఉండాలి. బిస్కెట్ అంటే మన టీలో ముంచుకునేది కాదు, ఇక్కడివాళ్లు పొద్దున్నే తినే మెత్తటి రొట్టె. ఒకటిన్నర కప్పుల మైదా, రెండు టీస్పూన్ల బేకింగ్ పౌడర్, పావు టీస్పూను వంట సోడా, రెండు చెంచాల పంచదార, చిటికెడు ఉప్పు. ఇందులో చల్లటి వెన్న ముక్కలు ఆరు టేబుల్‌స్పూన్లు వేసి వేళ్లతో నలపాలి, బఠాణీ గింజంత ముక్కలు మిగలాలి. కాస్త పలచన చేసిన పెరుగు ముప్పావు కప్పు వరకు పట్టొచ్చు, కొంచెం కొంచెంగా పోస్తూ, ముద్ద కట్టగానే ఆపేయాలి. చపాతీ పిండిలా పిసికితే గట్టిపడుతుంది.

ఇక్కడ అందరూ వదిలేసే మెట్టు ఒకటుంది. పండు ముందు ఓవెన్లోకి వెళ్లాలి. 400 ఫారెన్‌హీట్‌లో పావుగంట ఒంటరిగా ఉడికి, రసం బుడగలు కక్కుతుండగా పైన ముద్దలు పెట్టాలి. చల్లటి పండు మీద పెడితే ముద్దల అడుగు పచ్చిగానే ఉండిపోతుంది. ఈ పద్ధతిలో నాలుగు కప్పుల పండూ పడుతుంది, ఒక చెంచా కార్న్‌ఫ్లోర్ కలిపితే చాలు. రసం ఎక్కువుండే పండుకి ఇదే మేలు.

డల్లాస్_బావ
మీరంతా ఓవెన్ దగ్గర కొట్టుకోండి. మేం క్యాంపింగ్‌లో ఇనప డచ్ ఓవెన్లో, అంటే మూతున్న బరువైన పాత్రలో, చేస్తాం. రెండు డబ్బాల పీచ్, మీద ఒక ప్యాకెట్ పసుపు రంగు (ఎల్లో) కేక్ మిక్స్, దాని మీద స్ప్రైట్ డబ్బా. గిన్నె కూడా కడగక్కర్లేదు. 12 అంగుళాల పాత్రకి బొగ్గు బిళ్లలు 24 లెక్క, 16 మూత మీద, 8 అడుగున. మూత మీద ఎక్కువెందుకంటే అడుగున పాకం ఉంది కదా, ఇట్టే మాడుతుంది. పావుగంటకోసారి పాత్ర ఒకవైపు, మూత ఇంకోవైపు కాస్త కాస్త తిప్పాలి.

బామ్మగారి_మనవరాలు
కేక్ మిక్స్ మీద స్ప్రైట్! బావగారూ, మీరు ఈ చర్చలోకి రాకుండా అడ్మిన్‌తో చెప్పిస్తాను.

డల్లాస్_బావ
చలిలో, టెంటు ముందు, వేడివేడిగా తిన్నాక మాట్లాడండి చెల్లెమ్మా. గుడ్డు తిననివాళ్లున్నారు కాబట్టి మిక్స్ పెట్టె మీద ఏం రాసుందో మాత్రం చదువుకోండి.

మన్యం_పిల్ల (విశాఖపట్నం)
మా వైపు అనాస చవక కాబట్టి దానితో చేస్తాం. పచ్చి అనాస నేరుగా పాలతో కలిపిన పిండి మీద వేయకండి. అందులోని ఎంజైమ్ పాల ప్రొటీన్‌ని విరిచేసి చేదు తెస్తుంది. ముక్కల్ని ముందు చెంచా పంచదారతో బాణలిలో ఉడికిస్తే ఆ గొడవ ఉండదు. చలికాలంలో లంబసింగి స్ట్రాబెర్రీలు వస్తాయి, కానీ ఒంటరిగా వేస్తే మెత్తబడి నీరైపోతాయి. ఆపిల్ ముక్కలతో సగం సగం వేయండి. ఆపిల్‌ని కూడా ముందు వెన్నలో కాస్త మగ్గించాలి, లేకపోతే పిండి ఉడికినా ముక్క కరకరమంటూ ఉంటుంది. అరటి, బొప్పాయి జోలికి పోకండి. వాటిలో పులుపూ లేదు, వేడికి నిలబడే గుణమూ లేదు.

శనివారం_వంట
అందరికీ దండాలు. నిమ్మచెక్క గారు చెప్పినట్టు రసం మరిగించి, ట్రే నడిమి అరలోకి మార్చి, పండు రెండు కప్పులకి తగ్గించాను. ఈసారి మధ్యలో కూడా స్పూను నిలబడింది. అంచులు ఎవరికి అనే గొడవ మొదలైంది మా ఇంట్లో. ఇంకో రెండు ప్రశ్నలు. మామయ్యగారికి షుగర్ ఉంది, పంచదార ఎంత దాకా తగ్గించొచ్చు? వెన్న బదులు నెయ్యి వాడొచ్చా?

నిమ్మచెక్క
పోసే పద్ధతిలో పంచదార అర కప్పు దాకా దించొచ్చు. రంగు కాస్త తెల్లగా ఉంటుంది, అంచులు అంత కరకరలాడవు. అంతకన్నా తగ్గించాలనుకుంటే బిస్కెట్ పద్ధతే నయం, దానికి పిండిలో రెండు చెంచాలే కదా. అయినా మైదా, పండు రెండూ షుగర్‌ని పెంచేవే. ఆయనకి చిన్న ముక్క పెట్టండి, ఐస్‌క్రీమ్ మానేయండి. నెయ్యి వాడొచ్చు. వెన్నలో అయిదో వంతు దాకా నీరు, పాల పదార్థమే, నెయ్యి అంతా కొవ్వు. అందుకని 113 గ్రాముల వెన్నకి 90 గ్రాముల నెయ్యి సరిపోతుంది, చిటికెడు ఉప్పు మర్చిపోకండి.

గుంటూరు_కోడలు
ఓవెన్ లేనివాళ్ల సంగతి కూడా ఎవరైనా చెప్పండి. కుక్కర్‌లో అవుతుందా?

కూకట్‌పల్లి_ఓటీజీ
మందపాటి గిన్నెల స్టాండు పెట్టి, మూతేసి, సన్నని సెగ మీద గంట దాకా పెడితే ఉడుకుతది అక్కా. కుక్కరైతే గాస్కెట్, విజిల్ తీసెయ్యాలె. కానీ పైన ఎరుపు రాదు, కింద మాత్రమే కాల్తది. మా చిన్నమ్మ ఉడికినంక ప్లేట్ మీదికి బోర్లిస్తది, కాలిన అడుగు మీదికి వస్తది. ఆమెకి అదే ఇష్టం.