కాలువ గట్టు రోడ్డు మలుపులో బండి ఎందుకు తిరగలేదు?

ప్రశ్న: కోనసీమ మాస్టారు

అందరికీ నమస్కారం. మా చెల్లెలి కొడుక్కి 21 ఏళ్ళు. గత నెలలో ఒక సాయంత్రం కాలువ గట్టు మీది తారు రోడ్డులో, ఎడమ వైపు తిరిగే గట్టి మలుపు దగ్గర, బండి అదుపు తప్పి కుడి అంచు దాటి పోయింది. కాలువలో పడవలసినవాడు గట్టు మీది తుమ్మ చెట్టు అడ్డం రావడంతో అక్కడే ఆగాడు. జబ్బ దగ్గర ఎముక విరిగింది. హెల్మెట్ పెట్టుకున్నాడు కాబట్టి తలకు ఏమీ కాలేదు. ఎదురుగా మరే వాహనమూ రాలేదు. బండి 150 సీసీది, కొని ఏడాది కూడా కాలేదు, టైర్లు బాగున్నాయి, ఏబీఎస్ (బ్రేకు గట్టిగా వేసినా చక్రం బిగుసుకోకుండా చూసే ఏర్పాటు) కూడా ఉంది.

ఇంట్లోవాళ్ళు, ఊళ్ళోవాళ్ళు అందరూ రోడ్డు మీద ఇసుక ఉండబట్టే జారిందని తేల్చేశారు. మర్నాడు ఉదయం నేను వెళ్ళి చూశాను. ఇసుక ఉన్నమాట నిజమే కాని అది ఎడమ అంచున, బండి తొక్కని చోట ఉంది. బండి పోయిన దారిలో వెనక టైరు నల్లటి గీత ఒకటి, మలుపు మొదలైన కాస్త తరవాత నుంచి కుడి పక్క గడ్డి దాకా, స్కేలు పెట్టి గీసినట్టు కనిపించింది. రోడ్డు తిరిగింది, ఆ గీత తిరగలేదు. వాడిని అడిగితే "బ్రేకు గట్టిగానే వేశాను మావయ్యా, బండే తిరగలేదు" అంటున్నాడు.

ఏబీఎస్ ఉన్న బండికి ఆ గీత ఎలా పడింది? బండి తిరగకపోవడానికి కారణం రోడ్డా, నడిపినవాడా? వాడిని తిట్టడానికి అడగడం లేదు. చెయ్యి బాగయ్యాక మళ్ళీ అదే రోడ్డు మీద కాలేజీకి వెళ్ళవలసినవాడు కాబట్టి, ఏమి నేర్పాలో తెలుసుకుందామని అడుగుతున్నాను.

జవాబు 1: తణుకు మెకానిక్

మాస్టారూ, మొదటి ప్రశ్నకు నేను చెప్పగలను. 125 సీసీ దాటిన బండ్లకు ఏబీఎస్ తప్పనిసరి అన్న నిబంధన కొత్త మోడళ్ళకు 2018 ఏప్రిల్ నుంచి, అన్ని మోడళ్ళకూ 2019 ఏప్రిల్ నుంచి వచ్చింది. అయితే 150 సీసీ తరగతిలో చాలా బండ్లకు ఉండేది సింగిల్ చానెల్ ఏబీఎస్, అంటే అది ముందు చక్రాన్ని మాత్రమే కాపాడుతుంది. కాలితో వెనక బ్రేకును ఒక్కసారిగా తొక్కితే వెనక చక్రం ఎప్పటిలాగే బిగుసుకుపోతుంది, రోడ్డు మీద నల్ల గీత పడుతుంది. మీ వాడు భయంతో వెనక బ్రేకు తొక్కి పట్టేశాడని ఆ గీతే చెబుతోంది. మా షెడ్డుకు పడిపోయి వచ్చే బండ్లలో వెనక టైరు ఒకేచోట బల్లపరుపుగా అరిగి ఉండటం తరచుగా చూస్తుంటాను.

ఇంకొక్క విషయం చూడండి. ఎడమ మలుపు అన్నారు కాబట్టి సైడ్ స్టాండు కొనను పరిశీలించండి. స్టాండు తీయకుండా బయలుదేరితే ఎడమకు వాలగానే అది రోడ్డుకు తగిలి బండిని ఎత్తి పడేస్తుంది. ఇప్పటి బండ్లలో స్టాండు దించి గేరు వేస్తే ఇంజను ఆగిపోయే ఏర్పాటు ఉంటుంది కాని, కొందరు విసుగుపడి దాని వైరును కలిపించేసుకుంటారు. కొనలో కొత్త రాపిడి ఉంటే కథ వేరు.

జవాబు 2: భీమవరం విశ్రాంత ఇంజినీరు

రోడ్డు వైపు నుంచి చూడవలసింది కూడా ఉంది. మన డెల్టా కాలువలు ధవళేశ్వరం నుంచి మెరక మీదుగా, అంటే పొలాల కంటే కాస్త ఎత్తయిన నేల వెంబడి తీసినవి, అప్పుడే నీరు రెండు పక్కలకూ పారుతుంది. మెరక ఎలా వంకర తిరిగితే కాలువ అలా తిరిగింది, కాలువ తిరిగినట్టు గట్టు తిరిగింది. కాటన్ దొర హయాంలో ఆ గట్ల మీద నడిచింది పడవలను తాళ్ళతో లాగే మనుషులు, కాలువ సిబ్బంది. తరవాతి కాలంలో అదే గట్టుకు కంకర, ఆపైన తారు పడ్డాయి. అందువల్ల బండి వేగాన్ని లెక్కలో పెట్టుకొని వేసిన మలుపులు వీటిలో తక్కువ, లాకుల దగ్గర, వంతెనలు ఎక్కే చోట మరీ తక్కువ.

వేగానికి తగినట్టు వేసే రోడ్డులో మలుపు బయటి అంచును ఎత్తు చేస్తారు. మైదాన ప్రాంతాలలో ఈ ఎత్తు రోడ్డు వెడల్పులో 7 శాతం దాకా ఉండవచ్చని, రోడ్ల ప్రమాణాలు నిర్ణయించే భారత రోడ్డు కాంగ్రెస్ చెబుతుంది. గట్టు రోడ్లలో చాలాచోట్ల ఈ ఎత్తు ఉండదు, వాన నీరు పోవడానికి మధ్యలో ఉబ్బుగా, రెండు పక్కలకూ వాలుగా వేసి వదిలేస్తారు. దీని ఫలితం గమనించండి. ఎడమ మలుపులో మీ వాడు తన సగంలో ఉన్నంతసేపు ఆ వాలు లోపలికి ఉంటుంది, అతనికి సాయం చేస్తుంది. వెడల్పుగా పోయి నడిమి ఉబ్బు దాటిన క్షణం నుంచి వాలు బయటికి, కాలువ వైపుకి తిరుగుతుంది. టైరుకు పట్టు ఎక్కువగా కావలసిన చోటే రోడ్డు పట్టును తగ్గిస్తుంది.

మలుపు ఎంత గట్టిదో మీరే కొలవవచ్చు. వాహనాలు లేని సమయం చూసుకొని, 20 మీటర్ల తాడును బయటి అంచు మీద రెండు బిందువుల మధ్య బిగించి పట్టించండి. తాడు సరిగ్గా మధ్య నుంచి బయటి అంచుకు ఎంత దూరమో కొలవండి. 20ని 20తో గుణించి, వచ్చినదాన్ని ఆ దూరానికి ఎనిమిది రెట్లతో భాగిస్తే వ్యాసార్ధం మీటర్లలో ఇంచుమించుగా వస్తుంది.

ప్రశ్న అడిగినవారు: కోనసీమ మాస్టారు

ఇద్దరికీ కృతజ్ఞతలు. స్టాండు కొనలో రాపిడి ఏమీ లేదు. ఇంజినీరు గారు చెప్పినట్టే ఇద్దరు కుర్రాళ్ళతో తాడు పట్టించి కొలిచాను, మధ్యలో దూరం 1.7 మీటర్లు వచ్చింది. లెక్క వేస్తే వ్యాసార్ధం 30 మీటర్లకు కాస్త తక్కువ. వేగం 50 దాకా ఉండవచ్చునని వాడే చెప్పాడు.

జవాబు 3: రాజమండ్రి శిక్షకుడు

కొలత ఉంది కాబట్టి ఊహతో పని లేకుండా మాట్లాడుకోవచ్చు. 30 మీటర్ల వ్యాసార్ధం ఉన్న మలుపును గంటకు 40 కిలోమీటర్ల వేగంతో తిరగాలంటే బండి, మనిషి కలిపి నిలువు నుంచి సుమారు 23 డిగ్రీలు వాలాలి. 50 వేగంలో అది 33 డిగ్రీలు, 60లో 43 డిగ్రీలు. వేగం 40 నుంచి 60కి, అంటే ఒకటిన్నర రెట్లు పెరిగితే, టైరు పక్కకు ఓర్చుకోవలసిన బలం రెండుంపావు రెట్లవుతుంది. పొడి తారు మీద మంచి టైరు 50ని ఓర్చుకోగలదు, 60 దగ్గర పట్టు చాలకపోవచ్చు. కాబట్టి మీ వాడు వచ్చిన వేగంలో, ఆ సాయంత్రం ఆ రోడ్డు పొడిగా ఉంటే, బండి తిరగగలిగేదే. బండికి ఇంకా వాలే శక్తి మిగిలి ఉంది. వాల్చడం అలవాటు లేని మనిషికి 20 డిగ్రీలు దాటితేనే పడిపోతున్నట్టు అనిపిస్తుంది, అక్కడ చెయ్యి బిగుసుకుంటుంది, కాలు బ్రేకు మీద పడుతుంది.

మీరు చూసిన గీత తిన్నగా ఉండటానికి కారణం ఇదే. వాలిన బండి మీద వెనక చక్రం బిగుసుకుంటే తోక బయటికి జారుతుంది, గీత వంపు తిరుగుతుంది లేదా బండి అక్కడే పడుతుంది. తిన్నటి గీత పడిందంటే అతను బండిని నిలువుగా లేపి, తిప్పడం మానుకొని, ఆపడానికి ప్రయత్నించాడని అర్థం. ఆపడానికి చోటు చాలలేదు. 50 వేగంలో బండి సెకనుకు దాదాపు 14 మీటర్లు పోతుంది, అంటే భయం పుట్టి కాలు బ్రేకు మీద పడేలోపే రోడ్డు చాలావరకు అయిపోతుంది.

ఇది మీ వాడి ఒక్కడి సంగతి కాదు. అమెరికాలో దక్షిణ కాలిఫోర్నియా విశ్వవిద్యాలయం తరఫున హారీ హర్ట్ బృందం లాస్ ఏంజిలిస్ ప్రాంతంలో 900 బండి ప్రమాదాలను జరిగిన చోటికే వెళ్ళి పరిశీలించి, 1981లో నివేదిక వెలువరించింది. వేరే వాహనంతో సంబంధం లేకుండా బండి ఒక్కటే పడిపోయిన సందర్భాలలో సుమారు మూడింట రెండు వంతులకు నడిపినవారి పొరపాటే కారణమని తేల్చింది. అందులోనూ తరచుగా కనిపించినవి రెండు: బ్రేకు అతిగా వేసి జారడం, మలుపులో వేగం ఎక్కువై లేదా తగినంత తిప్పక వెడల్పుగా పోవడం. మీ గీతలో రెండూ ఉన్నాయి.

ఇక నేర్పవలసింది. వేగం తగ్గించడం, గేరు దించడం మలుపుకు ముందే, బండి నిలువుగా ఉండగానే పూర్తి కావాలి. మలుపు లోపల బ్రేకులకు పని పెట్టకూడదు. ముందు బ్రేకు వేస్తే పల్టీ కొడుతుందన్న భయం మన ప్రాంతంలో బాగా పాతుకుపోయింది కాని, బండి ఆగేటప్పుడు బరువంతా ముందు చక్రం మీదికి వస్తుంది కాబట్టి ఎక్కువ పని చేసేది ముందు బ్రేకే. దాన్ని లాగకుండా క్రమంగా పిండటం నేర్చుకోవాలి. ఏబీఎస్ కూడా నిలువుగా ఉన్న బండికే పూర్తిగా అక్కరకు వస్తుంది. వాలుతున్నప్పుడు కూడా లెక్క వేసుకొనే రకం ఖరీదైన బండ్లకు తప్ప రాదు.

రెండవది చేతులు. ఎడమకు తిరగాలంటే ఎడమ చేతి పిడిని మెల్లగా ముందుకు నెట్టాలి. వినడానికి తలకిందులుగా ఉంటుంది, ఖాళీ మైదానంలో 30 వేగంలో చేసి చూస్తే బండి ఎడమకు ఎంత చప్పున వాలుతుందో తెలుస్తుంది. అందరమూ తెలియకుండానే చేసేది ఇదే కాని, భయం వేసినప్పుడు రెండు చేతులూ ఒకేసారి బిగుసుకోవడంతో ఆ నెట్టుడు ఆగిపోతుంది.

మూడవది, నా దృష్టిలో అన్నిటికంటే ముఖ్యమైనది, చూపు. ఆ క్షణంలో ఎటు చూశాడో ఒకసారి అడగండి.

జవాబు 4: పాలకొల్లు బుల్లెట్

శిక్షకుడు గారు చెప్పినదానితో నేను ఏకీభవిస్తున్నాను. మేము మిత్రులం మారేడుమిల్లి ఘాట్‌కు వెళ్ళినప్పుడు బయటి అంచు నుంచి మొదలుపెట్టి, మధ్యలో లోపలి అంచుకు వచ్చి, మళ్ళీ బయటి అంచుకు పోయే పద్ధతి పాటిస్తాము. దానివల్ల మలుపు వంపు తగ్గినట్టవుతుంది, అదే వేగంలో తక్కువ వాల్చినా సరిపోతుంది. మాస్టారి మేనల్లుడికి అది కూడా నేర్పితే బాగుంటుంది.

జవాబు 5: రాజమండ్రి శిక్షకుడు

దయచేసి అది నేర్పవద్దు. ఎదురు వాహనం రాని పోటీ ట్రాకుకు తగిన పద్ధతి అది. గట్టు రోడ్డులో బయటి అంచు అంటే ఎదుటివాడి సగం. కొబ్బరి చెట్లు, ఇళ్ళు అడ్డమై మలుపు అవతల ఏముందో కనబడదు. ఇటుక ట్రాక్టరు కాని, ఆర్టీసీ బస్సు కాని రోడ్డు మొత్తం ఆక్రమించి వస్తే మీకు మిగిలేది కాలువే. మలుపుల దగ్గర ముందు వాహనాన్ని దాటరాదని మోటారు వాహన నిబంధనలలో ఉన్నది కూడా ఈ కారణంతోనే. మన సగంలోనే ఉండి, కాస్త ఆలస్యంగా, అవతలి పక్క కనబడిన తరవాత తిప్పడం మేలు. ఒకే వాహనం పట్టే ఇరుకు రోడ్డయితే, కనబడుతున్న దూరంలో సగంలోపే ఆగగలిగిన వేగంలో ఉండాలి, మిగిలిన సగం ఎదుటివాడిది.

జవాబు 6: తణుకు మెకానిక్

మలుపు లోపల ఏముంటుందో మన ప్రాంతంలో నెల నెలకూ మారుతుంది కాబట్టి ఆ మాట కూడా చేరుస్తున్నాను. సార్వా కోతల తరవాతా, దాళ్వా కోతల తరవాతా రోడ్డు సగం మేర ధాన్యం ఆరబోస్తారు, తీసేసిన తరవాత మిగిలే గింజలు టైరు కింద దొర్లుతాయి. దమ్ము సమయంలో చేలోంచి ఎక్కిన ట్రాక్టర్లు బురద గడ్డలు రాలుస్తాయి, తొలి చినుకుకు అవి సబ్బులా అవుతాయి. చేపల లారీలు, రొయ్యల బండ్లు ఎండాకాలంలోనూ నీళ్ళు కారుస్తూ పోతాయి, ఆ తడి మలుపు దగ్గర బయటి వైపున ఎక్కువగా పడుతుంది. కొబ్బరి డొక్కల సంగతి చెప్పనక్కరలేదు. నిన్న 40లో తిరిగిన మలుపు ఇవాళ 25లో కూడా తిరగకపోవచ్చు.

వెనక ఇద్దరిని ఎక్కించుకోవడం చట్టం ఒప్పుకోదన్నది అలా ఉంచితే, బరువు వెనక్కు పోయి ముందు చక్రం తేలికై బండి తిరగడానికి మొరాయిస్తుంది. బియ్యం బస్తా వేసుకున్నా అంతే.

ప్రశ్న అడిగినవారు: కోనసీమ మాస్టారు

వాడిని అడిగాను. "కాలువనే చూస్తున్నాను మావయ్యా, పడిపోతానేమోనని" అన్నాడు. శిక్షకుడు గారు ముందే ఊహించినట్టున్నారు. డాక్టరు గారు అనుమతించిన తరవాత మొదట ఏమి చేయించాలో చెబితే మేలు చేసినవారవుతారు.

జవాబు 7: రాజమండ్రి శిక్షకుడు

మనిషి దేనిని చూస్తూ ఉండిపోతే చేతులు బండిని అటే తీసుకుపోతాయి. తప్పించుకోవాలనుకున్న వస్తువునే తదేకంగా చూడటం భయంలో సహజం, అందుకే దాన్ని భయం లేని చోట మాన్పించాలి. సెలవు రోజున ఖాళీగా ఉండే మార్కెట్ యార్డు కాని, కాలేజీ మైదానం కాని చూసుకోండి. నేల మీద రెండు ఇటుకలు పెట్టి వాటి చుట్టూ ఎనిమిది అంకె ఆకారంలో తిప్పించండి, గడ్డం తిరగబోయే వైపుకు తిప్పి, ఇటుకను కాక దాని అవతలి చోటును చూస్తూ నడపాలి. మీరు ఎదురుగా నిలబడి అతని కళ్ళనే గమనించండి, ఇటుక మీదికి దిగిన ప్రతిసారీ ఆపి మళ్ళీ మొదలుపెట్టించండి. తరవాత 30 వేగంలో తిన్నగా వస్తూ, వెనక చక్రం బిగుసుకోకుండా రెండు బ్రేకులతో ఆపడం.

ఆ మలుపుకు మాత్రం మొదటిసారి పగటి వేళ, మీరు వెనక కూర్చోకుండా, వేరే బండి మీద ముందు నడుస్తూ తీసుకువెళ్ళండి. మలుపుకు చాలా ముందే 30కి దిగండి, అతను మీ వెనక బ్రేకు లైటును కాకుండా మలుపు అవతలి రోడ్డును చూడాలని ముందే చెప్పండి. సాయంత్రపు ప్రయాణం ఇంకొన్నాళ్ళు ఆగవచ్చు, ఎందుకంటే బండి లైటు తిన్నగా పడుతుంది, మలుపులో అది వెలిగించేది రోడ్డును కాదు, కాలువను.

పాత హెల్మెట్ ఒకసారి దెబ్బ తిన్నది కాబట్టి, పైకి బాగున్నట్టు కనిపించినా, ఐఎస్ఐ గుర్తు ఉన్న కొత్తది కొనండి.