నాలుగు నెలల పాపకి స్పీకర్‌లో సంగీతమా, అమ్మమ్మ జోలపాటా?

కావలి అమ్మాయి:
పురిటికొచ్చి కావలిలో అమ్మ దగ్గరే ఉన్నాను. పాపకి నాలుగు నెలలు. రోజూ రెండు గంటలు మోట్సార్ట్ అనే పాశ్చాత్య సంగీతకారుడి సంగీతం వినిపిస్తే పిల్లల మెదడు బాగా ఎదుగుతుందని మా ఆయన బెంగళూరు నుంచి స్పీకర్ పంపించారు. అమ్మకేమో అది ఇష్టం లేదు. చీర ఉయ్యాల ఊపుతూ తనకొచ్చిన జోలపాటే పాడుతుంది. శ్రుతి ఉండదు. ఇద్దరి మధ్యా నాకు టెన్షన్‌గా ఉంది. తెలిసినవాళ్లు చెప్పండి.

పెన్నా గట్టు:
నేను మీ అమ్మగారి వైపే, చెల్లీ. మోట్సార్ట్ మాట ఎక్కడ పుట్టిందో చూడండి. 1993లో అమెరికాలో 36 మంది కాలేజీ విద్యార్థులకు పది నిమిషాలు ఆ సంగీతం వినిపించి, ఆకారాలను మనసులో ఊహించుకునే ప్రశ్నలిచ్చారు. కాస్త మెరుగ్గా చేశారు. పావుగంట దాటేసరికి ఆ మెరుగు పోయింది. అందులో పసిబిడ్డలే లేరు! అయినా 1998లో అమెరికాలోని జార్జియా రాష్ట్ర గవర్నరు పుట్టిన ప్రతి బిడ్డకూ సంగీతం సీడీ ఇద్దామని బడ్జెట్‌లో డబ్బు అడిగారు. నమ్మకం అలా పాకింది.

పిల్లలకు కడుపులో ఉండగానే చెవులు పనిచేస్తాయి. పుట్టిన మూడు రోజుల్లోనే, అమ్మ గొంతు వినడం కోసం పాలపీక చప్పరించే తీరు మార్చుకుంటారని 1980లోనే చూపించారు. నన్ను బాగా ఆశ్చర్యపరిచింది మాత్రం మన ట, త సంగతి. ఇంగ్లీషు ఇళ్లలో పుట్టిన ఆరేడు నెలల పిల్లలు హిందీలోని ట, త తేడా పట్టేస్తారని 1984లో కెనడాలో తేలింది. ఏడాది నిండేసరికి చాలామందికి ఆ తేడా వినపడదు. రోజూ చెవిన పడని తేడాని మెదడు వదిలేస్తుంది. మీ అమ్మగారు "తాతకి టాటా చెప్పు" అన్నప్పుడల్లా పాప చెవికి ఆ రెండూ అందుతున్నాయి.

ఒంగోలు నాన్న:
ఒప్పుకోను అన్నా. మా బాబు ఏడో నెలలోనే పుట్టాడు. ఐదు వారాలు ఎన్‌ఐసీయూలో, అంటే పసికందుల ఐసీయూలో ఉన్నాడు, మేం అద్దంలోంచి చూడటమే. అక్కడ మిషన్ల బీప్ తప్ప ఏముంటుంది? జోలపాట ఎవరు పాడతారు? నెలలు నిండని పిల్లలకు హెడ్‌ఫోన్లలో హార్ప్ అనే తీగల వాయిద్యం, గంటలు, మన పాములవాళ్లు ఊదే నాగస్వరం వినిపించారు జెనీవాలో. వాళ్ల మెదడు భాగాల మధ్య అల్లిక, నెలలు నిండిన పిల్లల తీరుకి దగ్గరగా వచ్చిందని 2019లో ప్రచురించారు. రికార్డు సంగీతాన్ని ఒక్కమాటతో కొట్టేయకండి.

పెన్నా గట్టు:
మీ బాబు లాంటి పిల్లల విషయంలో మీ మాట నిజం, నేను తొందరపడ్డాను. కానీ అది ఆ పిల్లల కోసమే కట్టిన సంగీతం, అదీ కొద్ది నిమిషాలే. ఇంట్లో పాడే మనిషి ఉన్నప్పుడు లెక్క వేరు. 2003లో సియాటిల్‌లో తొమ్మిది నెలల పిల్లలకు ఎదురుగా కూర్చుని ఆడిస్తూ చైనా భాష మాట్లాడితే, పన్నెండు విడతల్లో ఆ ధ్వనుల తేడాలు పట్టుకున్నారు. అవే మాటలు టీవీలో వినిపిస్తే ఏమీ అంటలేదు. పాప "ఊ" అంటే అమ్మమ్మ పాట ఆపి "ఏందమ్మా" అంటుంది. స్పీకర్ ఆగదు.

చీమకుర్తి టీచరక్క:
శ్రుతి గురించి బెంగ వద్దు. స్పీకర్ పెట్టినా ఉయ్యాలకి దూరంగా, సౌండ్ తగ్గించి పెట్టండి. అసలు పాపకి చెవి పరీక్ష చేయించారా? చప్పుడుకి ఉలిక్కిపడితే వినికిడి బాగున్నట్టే అనుకుంటాం, అది చాలదు. నెలలోపు పరీక్ష, లోపం ఉంటే మూడు నెలల్లోపు నిర్ధారణ, ఆరు నెలల్లోపు చికిత్స మొదలవ్వాలంటారు. మా తమ్ముడి కూతురికి రెండేళ్లొచ్చేదాకా మాకు తెలియలేదు.

కావలి అమ్మాయి:
చేయించలేదక్కా, ఎవరూ చెప్పలేదు. సోమవారం నెల్లూరు తీసుకెళ్తాం. పాపకి నొప్పి ఉంటుందా?

చీమకుర్తి టీచరక్క:
ఉండదు. ఓఏఈ అనే వినికిడి పరీక్ష అడగండి, చెవిలో చిన్న బుడిపె పెట్టి కొద్ది నిమిషాల్లో చూసేస్తారు. కదలకుండా నిద్రపోతుంటే మేలు, పాలిచ్చి తీసుకెళ్లండి.